పుట్టిలోకి నీళ్లొచ్చిన రోజు

మొన్న ధర్మవరం చెరువు కట్ట మీద ఎవరో బుట్టలా గుండ్రంగా ఉండే పుట్టి పడవకు తారు పూస్తున్నారు. ఆ వాసనకు నా కాళ్లు ఆగిపోయాయి. మన ఈడువాళ్లకు గుర్తుందా, చెరువు నిండిన ఏడు అవతలి ఊళ్లకు పుట్టిలోనే పోయేవాళ్లం?

నాకప్పుడు తొమ్మిదేళ్లు. బంధువులిచ్చిన చెనిక్కాయల మూటతో అవ్వా నేనూ పుట్టిలో తిరిగొస్తున్నాం. ఆ ఏడు మా వేరుశనగ చేనుకు అవే విత్తనాలు. నడి చెరువులో గాలి లేచింది. పుట్టి గిర్రున తిరిగి, లోపలికి నీళ్లొచ్చాయి.

"బరువెక్కువుండాది అవ్వా, మూట పారేయ్!" తెడ్డు వేస్తున్న జాలరి అరిచాడు.

"కదలద్దు పాపా, నన్నే చూడు," అంటూ అవ్వ మూటను నీళ్లలోకి తోసేసింది.

గట్టు చేరాక అవ్వ నా చెయ్యి వదలకుండా బురదలోనే కూలబడింది.

ఇంటికి రాగానే నాయన అడిగాడు. "విత్తనాలు యాడమ్మా?"

"చేపలకేసినా లేరా."

నేను నిజం చెప్పబోతే అవ్వ నా చెయ్యి నొక్కింది. తెలిస్తే నాయన నన్నింక చెరువు వైపు పోనివ్వడని ఆమె భయం. నాయన చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఆదివారం పొద్దున్నే అవ్వ నన్ను లేపింది.

"లెయ్ పాపా, చెరువుకు పోదాం. ఈత నాకూ రాదు. ఇద్దరమూ నేర్సుకుందాం."