కాళ్ల కింద తడి

మన గోదావరి ఉక్కలో హీటర్ ఎవరు వేస్తారండీ? నేనూ వేయలేదు. నా డీజిల్ పికప్‌లో హీటరొకటి ఉందన్న సంగతే మరిచిపోయినంత తెలివిగలవాణ్ని. కూలెంట్ రోజూ తగ్గిపోయేది, నేను రోజూ నీళ్లు కలిపి పోసేవాణ్ని. బండి కింద చూస్తే చుక్క కారేది కాదు. రేడియేటర్ మార్చాను, పంపు మార్చాను, మెకానిక్కునీ మార్చాను. మారనిది నా బుర్రొక్కటే.

ఒళ్లో కూలెంట్ డబ్బాతో తుని నుంచి బస్సులో వస్తుంటే, పక్కసీటు పెద్దాయన సంగతంతా అడిగి విన్నారు.

"ఎడంపక్క సీటు దగ్గర, కాళ్ల కింద మ్యాట్ తడుస్తుంటదాండీ?"

"తడిసేదండి. మా ఆవిడ మంచినీళ్ల సీసా మూత సరిగ్గా పెట్టేది కాదు. రోజూ తిట్టేవాణ్ని."

"అయ్యబాబోయ్, సీసా కాదండీ! మనం వేసినా వేయకపోయినా హీటర్లోకి కూలెంట్ వెళ్తూనే ఉంటది. కారేది అదే. నా బండికీ ఇదే అయితే, నేను మా బావమరిది తడిగొడుగుని తిట్టాను. ఇంటికెళ్లగానే ఆవిడకి ఓ మాట చెప్పెయ్యండి."

"నా సీసా కాదండీ" అని ఆవిడ ఎన్నిసార్లు చెప్పిందో! ఆవిడ పోయాక ఆ సీటు వైపు చూడటమే మానేశాను.

"అలాగేనండి, చెప్తాను" అన్నాను.

ఆయన రాజానగరంలో దిగిపోయారు. మర్నాడే ఆ హీటర్ని పీకించాను. పాతసామాన్లవాడు అడిగినా ఇవ్వకుండా, డాబా మీద రోహిణీ కార్తె ఎండలో పడేశాను. దానివల్ల ఆవిడ అన్నేసి మాటలు పడింది. ఎండనే పడి ఉండనీ.