అత్తమ్మ తాగిన బెల్లం సాక

శ్రావణ మాసం, ఆదివారం. మా కరీంనగర్ గల్లీలోంచి పోచమ్మ బోనాలు పోతున్నాయి. డప్పు విని కిటికీ దగ్గరికి పరుగెత్తానా, పొయ్యి మీది పాలు కాస్తా పొంగిపోయాయి. పోతే పోనీ. డప్పు మోగితే నాకు మా అత్తమ్మే గుర్తొస్తుంది.

మాది మరమగ్గాల ఇల్లు. ఆ చప్పుడులోనే బతికిందేమో, అత్తమ్మ గుసగుసలాడినా మూడిళ్లకు వినపడేది. ఆమె షుగరూ అంతే, ఒకచోట నిలిచేది కాదు. పెండ్లి విందుకు పోయొస్తే ఆకాశం, ఒక పూట తినకపోతే పాతాళం. "గోలీ వేసుకుంటే వేళకు తినాలమ్మా" అని డాక్టర్ అంటే బుద్ధిగా తలూపేది. ఇంటికొచ్చి, "గా పోరడు పుట్టకముందుకెళ్లి తింటున్న, నాకు తినుడు నేర్పుతడా?" అనేది. చక్కెర డబ్బా ఎక్కడ దాచినా ఆమె ముక్కు పసిగట్టేది. నేను పోలీసు, ఆమె దొంగ, ఇద్దరికీ వంటిల్లు ఒకటే.

ఒక ఏడు బోనాలకు ఒక్కపొద్దు పట్టింది. వద్దంటే వింటేనా? అన్నం ముట్టలేదు గానీ గోలీ మాత్రం వేసుకుంది. "గోలీ మందు, బువ్వ గాదు. ఒక్కపొద్దు చెడదు" అంది. ఖాళీ కడుపుతో ప్రమాదమని చెప్పబోతే, "పోచమ్మ సూసుకుంటది తియ్యి, ఫికర్ జెయ్యకు" అంటూ బోనమెత్తుకుంది.

గుడి ముందర బోనం దించిందో లేదో, ఒళ్లంతా వణకడం మొదలైంది. మాట ముద్దముద్దగా వస్తోంది, రవిక చెమటకు తడిసిపోయింది. "తల్లి వచ్చింది!" అన్నారంతా. డప్పులు జోరందుకున్నాయి. ఒకామె కాళ్ల మీద పడి బిడ్డ పెండ్లి ఎప్పుడవుతుందని అడుగుతోంది. చేయి పట్టి చూద్దును కదా, మంచుగడ్డ! "షుగర్ పడిపోయింది, జరగుండ్రి!" అని మొత్తుకున్నాను. ఓ పెద్దామె కసిరింది. "నోర్ముయ్యి! దేవుని నడుమ షుగరేందే?"

అమ్మవారికి పోయడానికి తెచ్చిన సాక, అదే బెల్లం నీళ్లు, చెంబుల్లో కనపడింది. మనిషి చేజారిపోతుంటే ఇంక భయమేమిటి, భక్తేమిటి? గొంతు చించుకుని అరిచాను. "తల్లి సాక అడుగుతున్నది! బెల్లం సాక తాగుతదట!"

అంతే, నలుదిక్కుల నుంచీ చెంబులొచ్చాయి. గుక్క గుక్కగా తాగించాను. కాసేపటికి వణుకు తగ్గింది, చూపు నిలిచింది. బిడ్డ పెండ్లి సంగతి అడిగినామెకు మాత్రం జవాబు దొరకలేదు, పాపం.

ఇంటికొచ్చాక ఇంకో అడుగు ముందుకేశాను. "అత్తమ్మా, నీ నోట తల్లి పలికింది. ఇగ ఒక్కపొద్దులు బందు వెట్టాలె, తినేదుంటెనే గోలీ ఏసుకోవాలె అన్నది." ఆమె నా మొహంలోకి చూసి, "తల్లి అన్నంక తప్పుతదా?" అంది. మళ్లీ ఎన్నడూ ఒక్కపొద్దు పట్టలేదు. కంచం ముందుకొస్తే తప్ప గోలీ ముట్టలేదు.

ఏళ్లు గడిచి, మంచాన పడ్డ రోజుల్లో, జొన్న గట్క తినిపిస్తుంటే ఎందుకో నవ్వింది. "గా దినం నాకు అన్ని ఇనవడ్డయి బిడ్డా. తల్లి ఏమనలే. అన్నది నువ్వే."

"మరి నా మాట ఎందుకిన్నవు?"

"నా పానం కోసం నడి గుడిల గంత అబద్ధమాడితివి. ఇనకుంటే ఎట్ల?"

గిన్నె పక్కన పెట్టి ఏడ్చేశాను. ఇప్పుడు నాకూ ఆమె వయసొచ్చింది. అబద్ధమాడైనా అన్నం తినిపించే మనిషి ఇంట్లో ఉండటం ఎంత భాగ్యమో, ఆ వయసుకు వస్తే గానీ తెలియదు.