చిన్నాయన బొమ్మ మీద మంచు

ఈ ఉదయం బట్టలు ఆరేద్దామా వద్దా అని ఫోన్లో వాతావరణం చూస్తే, నంద్యాల పేరు వెనక చినుకులు జారుతూ కనిపించాయి. బయట చూస్తే ఎండ మాడ్చేస్తోంది. దేన్ని నమ్మాలో తెలియక తడిబట్టల బకెట్టు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. నా ఈడువాళ్ళకు ఈ అయోమయం కొత్త కాదు గానీ, నాకైతే ఇది రెండువేల సంవత్సరం దాటిన కొత్తలోనే, నా చేజేతులా మొదలైంది.

అప్పట్లో నేను నంద్యాలలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేదాన్ని. పాఠాలంటే ఏదో ఊహించుకునేరు, ముందురోజు నేర్చుకున్నది మర్నాడు ఒప్పజెప్పడమే. మా నాన్న తమ్ముడు, అంటే చిన్నాయన, ఆళ్ళగడ్డలో రాతి విగ్రహాలు చెక్కేవాడు. ఏడాదిగా పెద్ద పనేదీ రాక దిగులుగా ఉన్న రోజుల్లో, గోస్పాడు వైపు ఒక పల్లెలో కొత్త గుడికి ఆంజనేయస్వామి విగ్రహం కావాలని తెలిసింది. ఆ గుడిపెద్దకు చూపించడానికి, చిన్నాయన అంతకుముందు చేసిన స్వామి ఫోటోతో నేనొక వెబ్‌పేజీ తయారుచేశాను. ఉత్త ఫోటో బోసిగా ఉందనిపించి, మా సీమలో శుభమంటే వానే కదా అని తెర మీద వాన కురిపించే కోడ్ కోసం నెట్‌లో వెతికితే, మంచు కురిపించేది దొరికింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఎత్తి అతికించేశాను.

గుడిపెద్దను వెంటబెట్టుకుని చిన్నాయన సెంటర్‌కు వచ్చాడు. ఆనాటి నెట్ నత్తనడకకు స్వామి కిరీటం నుంచి పాదాల దాకా కొంచెం కొంచెంగా దిగి, ఆ తర్వాత తెల్లటి చుక్కలు రాలడం మొదలైంది. నేను మెచ్చుకోలు కోసం చూస్తుంటే పెద్దాయన మొహం ముడుచుకుంది.

"ఏందప్పా ఇది? కండ్లు తెరిచిన సామికి ఇంగా ఉలి పెడతాండావా? పొడి రాలుతాండాదే!"

అన్నిటికన్నా చివర కళ్ళు చెక్కి తెరిపిస్తారు, ఆ తర్వాత విగ్రహాన్ని ఉలి తాకకూడదన్నది మావాళ్ళ పట్టింపు. తాకిందంటే ఏదో లోపం కప్పిపుచ్చుతున్నట్టే లెక్క. అది మంచని నేను చెబితే, ఆళ్ళగడ్డలో మంచేందని అడిగాడు. ఆపుదామని కోడ్‌లో ఒక అంకె మారిస్తే ఇంకా దట్టంగా రాలింది, ఒక వరుస తీసేస్తే స్వామే మాయమై పొడి ఒక్కటే మిగిలింది. చూద్దాంలే అని ఆయన లేచి వెళ్ళిపోయాడు. ఆ పని ఇంకొకరికి పోయింది.

ముఖం చెల్లక కొన్నాళ్ళు ఆళ్ళగడ్డ వైపే పోలేదు. తీరా పోయిన రోజు చిన్నాయన తలెత్తి చూసి, రెప్పల మీది రాతిపొడి తుడుచుకుంటూ, "దాన్ని తీసేయగాకు పాపా. పొడి రాలకుండా బొమ్మ యాడయితాది?" అన్నాడు. అది ఓదార్పో, నిష్ఠూరమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. స్వామిని తిరిగి పేజీలోకి తెచ్చి, మంచును అలాగే ఉంచాను. ఆ తర్వాత నంద్యాల వచ్చినప్పుడల్లా ఆ పేజీ తెరిపించుకుని, తాను ఇక్కడ కూర్చున్నా అక్కడ పని సాగుతూనే ఉందని నవ్వుకునేవాడు.

చిన్నాయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ పేజీ పెట్టుకున్న ఉచిత సైటూ మూతపడింది. ఇప్పుడు ఎవరి ఫోన్లో చూసినా అడక్కుండానే వానలు పడుతున్నాయి, ఇదేందని అడిగేవాళ్ళే లేరు. ఆ రోజు ఆ పొడి ఆపడం చేతకాక ఏడ్చాను. ఇవాళ అది ఒక్కసారి రాలితే చూడాలని ఉంది, ఎలా రాల్చాలో తెలియడం లేదు.