కోయని పూలు

ప్రాగ్‌లో, పాత కోట ఎదుటి కొండ మీద చెర్రీ చెట్లు కనబడగానే పరుగెత్తాను. ఆకన్నదే లేదు, కొమ్మ కొమ్మకీ లేత గులాబీ పూలే!

చిన్నప్పుడు ధర్మపురిలో, మా కొట్టు గోడకున్న క్యాలెండరు బొమ్మ అచ్చం ఇదే. దాని కింద కనకాంబరాలు కడుతున్న మా అవ్వ ఓ రోజు తలెత్తి చూసింది.

"ఇన్ని పూలు చెట్టు మీదనే ఉండాయే! ఆ ఊర్లో ఆడోళ్ళే లేరా ఏమి?"

నిజమేననుకొని ఆ ఊరి మీద ఎంతో జాలిపడ్డాను. "నేను పోయి అన్నీ కోసుకొస్తానవ్వా!"

"పెద్ద బుట్ట ఎత్తుకొని పో."

ఇప్పుడు చెట్ల కింద ఎటు చూసినా ఆడవాళ్ళే. ఒక్కరూ పువ్వు కోయడం లేదు. అంతలో గాలి వీచింది. రేకులు జలజలా రాలి అందరి జుట్టులో, నా జడలో కూడా చిక్కుకున్నాయి.

బుట్ట అక్కర్లేదవ్వా, ఇక్కడ చెట్టే తల్లో పూలు పెడుతుంది.