గింజ కొరికి చూడమన్న మేస్టారు

మా కెమిస్ట్రీ మేస్టారు పోయారని మొన్న బుధవారం ఆయన భార్య ఫోన్ చేసి చెప్పారు. నాసిక్ దగ్గర నేను పనిచేసే చిన్న వైనరీలో అప్పుడు సీసాలకు లేబుళ్లు అంటిస్తున్నాను. "పొద్దున్న టీ తాగి, కుర్చీలో అలాగే ఉండిపోనారమ్మా" అన్నారు. "సరే అమ్మగారూ" అన్నాను. ఫోన్ పెట్టేసి మిగిలిన పెట్టె కూడా పూర్తి చేశాను. ఒక్క లేబులూ వంకర పోలేదు. ఇది మీకెందుకు చెబుతున్నానో నాకే తెలియదు.

గజపతినగరంలో ఇంటర్‌లో ఆయన మాకు పాఠం చెప్పారు. లేబ్‌లో సీసా మూత తీస్తే, దాని మీద అరచేత్తో గాలి విసిరి వాసన ముక్కు దాకా తెచ్చుకోవాలి. సీసా మీద పేరు చదివి జవాబు చెప్పేవాళ్లను మెచ్చుకునేవారు కాదు. "నీ ముక్కు ఏటి సెప్తంది? ముందు అది సెప్పు" అనేవారు. నా ముక్కు మంచిదని మొదట అన్నది ఆయనే. ఆ మాట పట్టుకునే ఇంత దూరం వచ్చాను. మందు కంపెనీలో చేరానని మా నాన్న ఏడాది పాటు నాతో మాట్లాడలేదు.

మేస్టారు బాప్టిస్టు సంఘంలో పెద్ద. ఆ ఇంట్లో మందు ఎన్నడూ అడుగుపెట్టలేదు. అయినా మూడేళ్ల క్రితం, నేను మొదటిసారి సొంతంగా చేసిన షిరాజ్ ద్రాక్ష వైన్ సీసా ఒకటి సంచీలో పెట్టుకుని వెళ్లాను. ఆ ఏడు చేసినవి మొత్తం ఆరువందల సీసాలే. ఊరికే చూపించి వచ్చేద్దామనుకున్నాను. ఆయన గ్లాసు తెమ్మన్నారు.

"సంఘం వోళ్లు సూస్తే ఏటనుకుంతారు?" అంటూ అమ్మగారు తలుపు వెయ్యబోయారు.

"తలుపెందుకే? దొంగతనం సేస్తన్నామా? పిల్ల పరీక్ష రాసి తెచ్చింది. దిద్దొద్దా?"

గ్లాసు కిటికీ వెలుగులో పెట్టి చూశారు. చాలాసేపు వాసన పీల్చారు. "నేరేడు పండు... మిరియం... కొత్త సెప్పుల తోలు" అని ఒక్కొక్కటే చెప్పారు. ఒక గుక్క నోట్లో తిప్పి, పెరట్లో ఉమ్మి వచ్చారు.

"బాగున్నాదే. సివర్న పచ్చి సేదు తగుల్తంది. గింజ ముదరకుండా కోసీసినారేటి?"

"తీపి కొలిచే కోశాం మేస్టారూ."

"మీటరు తీపే సెప్తాది. గింజ కొరికి సూసినావా?"

చూడలేదు. మా ఓనరు గానీ, కొన్నవాళ్లు గానీ ఆ చేదు పట్టుకోలేదు. నాకు కోపం వచ్చింది. బస్సెక్కే దాకా మొహం ముడుచుకునే ఉన్నాను. థాంక్స్ కూడా చెప్పలేదు.

మరుసటి ఏడు కోతల ముందు రోజూ తోటలో తిరిగి గింజలు కొరికాను. పచ్చిగా ఉన్నన్నాళ్లూ కోయనివ్వలేదు. మబ్బులు చూసి ఓనరు కేకలేశాడు. వాన పడితే పంట కుళ్లిపోతుంది, నా ఉద్యోగమూ పోతుంది. అయినా ఎనిమిది రోజులు ఆపాను. వాన రాలేదు. ఆ వైన్ పీపాల్లో నిదానంగా కుదురుకుని ఈ నెలలోనే సీసాల్లోకి వచ్చింది. బుధవారం నేను లేబుళ్లు అంటిస్తున్నది దానికే. మొదటి సీసా ఆయనకే అనుకున్నాను.

నేను చేరేసరికి సమాధి చేయడం అయిపోయింది. అమ్మగారు నా సంచీ వైపు చూశారు.

"తెచ్చినావా? తియ్యి. పిల్ల ఎప్పుడొస్తాదని అడుగుతానే ఉండీవోరు."

ఇద్దరం చెరో గ్లాసు పట్టుకుని కూర్చున్నాం. ఆమె ఒక చుక్క నాలుకకు తగిలించుకున్నారు. "నాకేటి తెలుస్తాదమ్మా. నువ్వే సెప్పు. సేదు పోనాదా?"

వాసన చూశాను. ఏమీ తెలియలేదు. తాగాను. నోరు తడిసింది, అంతే. నా పనిలో ఇలా ఎన్నడూ జరగలేదు. ఏడుపూ రాలేదు.

"పోయిందమ్మగారూ" అన్నాను. అది నిజమో కాదో నాకు తెలియదు.

"మంచిది" అని ఆమె గ్లాసు పక్కన పెట్టారు.

వీధిలో షామియానా విప్పేస్తున్నారు. ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పేర్చి ఆటోలోకి ఎక్కిస్తున్నారు. చివరి కుర్చీలో ఎవరో ముసలాయన ఇంకా కూర్చునే ఉన్నాడు. ఆయన్ను లేవమనకుండా వాళ్లు పక్కన నిలబడి ఉన్నారు.