రెండు ఆపరేషన్ల నడుమ సంగటి

నా చిన్నప్పుడు మా తాత సంగటికి కూర్చున్నాడంటే పిల్లలం చూస్తా నిలబడిపోయేవాళ్లం. కొబ్బరికాయంత ముద్ద, చెనిక్కాయల పచ్చడి, పైన మజ్జిగ. రెండో ముద్ద అడగకుండా లేచిన రోజు లేదు. ఎమ్మిగనూరు పక్కన మెట్ట సేద్యం మాది. తిండి తగ్గితే మనిషి పని అయిపోయినట్లేనని మావాళ్ల లెక్క. అందుకే కాబోలు, నెలల తరబడి కడుపులో మంట ఉన్నా ఆ మొండి మనిషి ఎవ్వరికీ చెప్పలేదు. సోడా తాగి ఊరుకునేవాడు.

ఒకనాడు పొద్దున చెనిక్కాయ పీకుతా పీకుతా చేన్లోనే పడిపోయినాడు. కడుపు బండ మాదిరి బిగిసిపోయింది. గ్యాసేలే అని మా అవ్వ వాము నీళ్లు పట్టబోతే, మా నాయనకు ఎందుకో అనుమానమొచ్చి ఆపినాడు. ఎవరిదో ట్రాక్టరు అడిగి ఆదోని ఆసుపత్రికి తీసకపోయినాడు. కడుపుకు చిల్లి పడిందని అప్పటికప్పుడే కోసినారు. చిల్లి మూసి, లోపలంతా కడిగి, అంచున ఒక ముక్క పరీక్షకు పంపినారు. క్యాన్సరని తేలింది.

"ఇప్పటికి ప్రాణం నిలబెట్టినామప్పా. రోగం లోపలే ఉండాది. ఒళ్లు కోలుకుంటే ఆరు వారాలకు మళ్లీ కోసి దాన్ని తీసేయొచ్చు. కోలుకోకపోతే చెయ్యి పెట్టలేం" అని డాక్టరు మా నాయనకు చెప్పినాడు.

కోలుకోవాలంటే తినాల. ఒక్కసారే కాదు, మెత్తగా, నిమ్మకాయంత, రోజుకు ఏడెనిమిది సార్లు. ఇంటికొచ్చిన తాత పళ్లెంలో ఆ ముద్ద చూసి, "పసిపిల్లోళ్లకు పెట్టినట్లు పెడతాండావా నాకు?" అని తోసేసినాడు. మూడు దినాలు మజ్జిగతోనే గడిపినాడు. చూస్తాండగానే చిక్కిపోయినాడు.

అప్పుడు మా అవ్వ ఒక ఎత్తు వేసింది. ఇంటిల్లిపాదికీ నిమ్మకాయంత ముద్దలే! తాత ఎదురుగా కూర్చొని, తాత తినేటప్పుడే తినాల. అబ్బబ్బ, ఏం ఆకలో! తాత మాత్రం ఒక కొరుకు కొరికి వదిలేసేవాడు.

రెండోనాడు మధ్యాహ్నం నాకు ఓపిక చాలలేదు. చేన్లో పనిచేసే మా నాయన కోసం అవ్వ గుట్టుగా దాచిన పెద్ద ముద్ద ఎత్తుకొని గాదె వెనక చేరినాను. నోటినిండా కుక్కుకుంటాంటే ఎదురుగా తాత! కుట్ల మీద చెయ్యి పెట్టుకొని నిలబడినాడు. నాకు పై ప్రాణాలు పైనే పోయినాయి. "అవ్వకు చెప్పొద్దు తాతా" అని ఏడుపు మొదలుపెట్టినాను.

తిడతాడనుకున్నాను. గోడ పట్టుకొని మెల్లగా నా పక్కనే కూర్చున్నాడు. నా బుగ్గలు చూసి నవ్వబోయి, కుట్లు లాగితే "అబ్బా" అన్నాడు. నా ముద్దలోంచి నిమ్మకాయంత తుంచుకున్నాడు.

"నీ ఆకలికి అంత, నా కడుపుకు ఇంత. దీనికి నేను సిగ్గుపడేదేముంది పాపా" అన్నాడు. నమిలి నమిలి అంతా తిన్నాడు. సాయంత్రం అవ్వతో, "పిల్లోళ్ల కడుపులు మాడ్చాకు. నేను తింటా" అన్నాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా.

రెండో ఆపరేషన్ కర్నూల్లో జరిగింది. చిల్లి పడినప్పుడే రోగం కడుపంతా చిందిందేమోనని డాక్టర్లకూ భయమే. తెరిచి చూస్తే ఉన్నచోట తప్ప ఇంక యాడా లేదు. ముక్కాలు భాగం కడుపు, చుట్టూ ఉండే గ్రంథులతో సహా తీసేసినారు. "కనిపించిందంతా తీసినాం. మళ్లీ రాదని మాటియ్యలేను గానీ, ఏండ్లు గడిచేకొద్దీ భయం తగ్గుతుంది" అన్నాడు అక్కడి డాక్టరు. మా నాయన ఆసుపత్రి మెట్ల మీద కూలబడి బావురుమన్నాడు. సంతోషానికి కూడా మనిషి అట్ల ఏడుస్తాడని నాకప్పుడే తెలిసింది. తాత నా పెండ్లి కూడా చూసినాడు.

ఇప్పుడు నాకూ అరవై దాటినాయి. పోయిన నెల మా చెల్లెలు అట్లాంటి ఆపరేషనే చేయించుకొని మా ఇంటికొచ్చింది. దానికి చిన్న ముద్ద పెట్టి, నాకు పెద్దది పెట్టుకొని, పక్కనే కూర్చొని కడుపారా తిన్నాను. జాలిపడలేదు, బలవంతం చేయలేదు. చెయ్యి కడుక్కుంటా అది అనింది: "చానా దినాలకు రోగిష్టి మాదిరి కాకుండా తిన్నాను అక్కా."