ఒక్క మాటకే ఒప్పుకున్న మొంబాసా పార్టీ

2023, వానలు మొదలైన రోజులు. సూరత్‌ రింగ్ రోడ్డు పక్కన ఒక బట్టల మార్కెట్ మేడమీద నాకు చిన్న ఆఫీసు ఉంది. ఇద్దరు కూర్చుంటే మూడో మనిషి తలుపు దగ్గర నిలబడాలి. మొదటిసారి విదేశాలకు సరుకు పంపాలనుకునే చిన్న వ్యాపారులకు దారి చూపడం నా పని. ఐ.ఇ. కోడ్, అంటే ఎగుమతిదారుగా ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య, దగ్గర్నుంచి సరుకు ఓడ ఎక్కేదాకా కాగితాలన్నీ తయారుచేస్తాను. కాగితాల కన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. ఏ పనికి ఎవరి దగ్గరికి వెళ్లాలో, ఎవరికి దూరం నుంచే దండం పెట్టి వచ్చేయాలో చెప్పడం.

నేను జగిత్యాలలో స్టీలు సామాన్ల దుకాణంలో పెరిగినదాన్ని. మా నాన్న ధర చెప్పగానే ఎవరైనా నోరెత్తకుండా డబ్బు తీస్తే, తక్కువ చెప్పానేమోనని ఆయన పొద్దుగూకేదాకా దిగులు పడేవాడు. ఆ దిగులు నాకూ వచ్చింది. డుమస్‌లో బీచ్ పక్కన టమాటా భజియాల బండి దగ్గర కూడా బేరమాడతాను. మా ఆయన రైల్వే ఉద్యోగి, మర్యాదస్తుడు. నేను బేరం మొదలుపెట్టగానే దూరంగా వెళ్లి, నేనెవరో తెలియనట్టు సముద్రం చూస్తూ నిలబడతాడు.

ఆ రోజు రాజన్న వచ్చాడు, వెంట భార్య లక్ష్మి వదిన. వాళ్లది సిరిసిల్ల వైపు. లింబాయత్‌లో ఒక ఇరుకు సందులో పాత సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతారు. వచ్చిన కొత్తలో రాజన్న ఒకరి కింద నేసి, తర్వాత ఒక్కొక్కటిగా కొనుక్కున్నవి అవి. గౌన్ల లోపల కుట్టే లైనింగ్ గుడ్డ నేసి, మిల్లులో రంగు వేయించి అమ్ముతాడు. కొత్త రకం మగ్గాల గుడ్డ చవగ్గా వస్తుండటంతో మార్కెట్ సేట్లు ఇతని గుడ్డ అడగడం తగ్గించారు. సగం సాంచాలు ఆగిపోయాయి. కొత్త గిరాకీ దొరక్కపోతే వాటిని పాత ఇనుము కింద అమ్మేసి రాజన్న మళ్లీ ఒకరి కింద పనికి పోవాలి. ఈ సంగతి అతను చెప్పలేదు, వదిన చెప్పింది.

"చెల్లె, ఒక పార్టీ దొరికింది. ఆఫ్రికాల మొంబాసా ఉన్నది గద, ఆడ బట్టల దుకాణమట. మొన్న ఎగ్జిబిషన్‌ల నా గుడ్డ పట్టుకొని చూసి కార్డిచ్చిపోయింది," అన్నాడు రాజన్న, ఇంకా కూర్చోకుండానే. "ఆమె పేరు ఆమినా."

"మంచిదే గదనే. మరి మొహం గట్ల పెట్టినవేంది?"

"ఫోన్ల మీటరు రేటు పంపిన. ఒప్పుకున్నది."

"ఒప్పుకుంటే ఏడుస్తరా?"

"ఒక్క మాటకే ఒప్పుకున్నది చెల్లె! జర తగ్గియ్యమని సుత అడుగలే. బేరానికి జాగ ఉండాలని నేను ఎక్కువనే చెప్పిన. 'ఓకే, బిల్లు పంపు' అన్నది. గిట్ల ఎవరన్న కొంటరా?"

వదిన అందుకుంది. "దొంగ పార్టీ అంటడు. మాల్ తీస్కొని మాయమైతదట. ఇంట్ల సాంచాలు ఆగున్నయి, వచ్చిన గిరాకిని చూసి ఈయన వణుకుతున్నడు."

ఇంకొకరైతే రాజన్నకు ధైర్యం చెప్పేవాళ్లేమో. నాకు మాత్రం అతని భయం ఠక్కున అర్థమైంది. బేరమాడని మనిషిని నమ్మడమెలా? మా నాన్నా నమ్మడు, నేనూ నమ్మను. ఈ ఆమినా ఎవరు? ఎందుకు బేరమాడలేదు? ఆ ప్రశ్న నన్ను కూడా పట్టుకుంది. ముందు ఆమె సంగతి తేల్చుకుందామని ముగ్గురం బయల్దేరాం.

విదేశీ పార్టీల గుట్టు మొత్తం తన దగ్గర ఉందని చెప్పుకునే ఒక దళారి దగ్గరికి మొదట వెళ్లాం. ఫీజు ముందే పెట్టమన్నాడు. సగానికి అడిగాను. కన్నార్పకుండా ఒప్పుకున్నాడు. అంతే, నాకు అనుమానం వచ్చి లేచి వచ్చేశాను. "నీకు సుత నా రోగమే ఉన్నది," అన్నాడు రాజన్న మెట్లు దిగుతూ. మొదటిసారి నవ్వాడు.

తర్వాత ఎగుమతిదారుల మండలి వారి సహాయ కేంద్రానికి. అక్కడి అమ్మాయి ఓపికగా విన్నది. ఆ దుకాణం నిజంగానే ఉందని తన దగ్గరున్న వివరాల్లో చూసి చెప్పింది. చెల్లింపులు ఎలా ఉంటాయో తెలియాలంటే మీ బ్యాంకుని అడగండి, వాళ్లు స్టేటస్ రిపోర్ట్ తెప్పిస్తారు అంది. విదేశీ కొనుగోలుదారు ఎంత నమ్మకస్తుడో చెప్పే నివేదిక అది. ఈ సలహాకి ఎంత ఇవ్వాలని అడిగితే ఉచితమే అంది. బేరమాడటానికేమీ లేక నాకు చేతులు కట్టేసినట్టయింది.

బ్యాంకులో విదేశీ వ్యవహారాలు చూసేది ప్రసాద్ గారు, గుంటూరు మనిషి. కొన్నాళ్లకు రిపోర్ట్ తెప్పించి మమ్మల్ని పిలిచారు.

"భయపడాల్సిందేం లేదండీ. పాత దుకాణం. ఎవరికీ డబ్బు ఎగ్గొట్టిన దాఖలా లేదు."

రాజన్న ముఖం ఇంకా వాడిపోయింది. "గట్లయితే ఇంక డేంజర్ సార్. మంచి మనిషి బేరమెందుకు చెయ్యదు?"

ప్రసాద్ గారు అతన్ని వింతగా చూశారు. "మీరు ఆవిడకి ఏం పంపారో ఒకసారి చూపించండి."

రాజన్న ఫోన్ అందించాడు. నేనూ మెడ చాచి చూశాను. గుడ్డ ఫొటో, కింద మీటరు ధర. ఇంకేమీ లేదు.

"ఈ ధర ఎక్కడిదాకా అండీ?" అన్నారు ప్రసాద్ గారు.

"ఎక్కడిదాకా ఏంది సార్? నా దుకాణం దాకా."

నేను ఫోన్ లాక్కుని ఆ మెసేజ్ మళ్లీ చదివాను. సూరత్ మార్కెట్లో ధర అంటే దుకాణం గడప దగ్గరి ధరే. జైపూర్ పార్టీ అయినా, కలకత్తా పార్టీ అయినా, లారీ కిరాయి కొనేవాళ్లే పెట్టుకుంటారు. ఇది ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. సముద్రం దాటే సరుకుకు అలా కుదరదు. ధర పక్కన ఎక్కడిదాకా అన్నది రాసి తీరాలి. మన రేవులో ఓడ మీదికి ఎక్కించే వరకు అయితే ఎఫ్.ఓ.బి. ఓడ కిరాయి, బీమా కలుపుకొని వాళ్ల రేవు వరకు అయితే సి.ఐ.ఎఫ్. ఏమీ రాయకపోతే ఎవరికి అనుకూలమైనది వాళ్లు అనుకుంటారు. ఆమినా తన రేవు దాకా అనుకుని ఉంటుంది. ఆ లెక్కన రాజన్న ఎక్కువ చేసి చెప్పిన ధర ఆమెకు కారుచవక. రోజూ ఇవే అక్షరాలు నింపి పొట్ట పోసుకునే నేను, బేరమెందుకు ఆడలేదన్న యావలో పడి, ఆ మెసేజ్ చూపించమని అడగనే లేదు.

"మాట ఇచ్చిన. పంపుత," అన్నాడు రాజన్న.

"పంపితె ఓడ కిరాయి కోసం సాంచాలమ్మాలె," అంది వదిన. "గిరాకి వచ్చి సుత అమ్ముడేనా?"

నా దుకాణం బుద్ధి ఊరుకోదు. "దారం రేటు పెరిగిందని చెప్దాం. ఎవరు చూడొచ్చిన్రు?" అన్నాను.

వదిన నా వైపు తిరిగింది. "రేపు ఆమెకు తెలుస్తే? మొదటి మాల్‌లనే అబద్ధమాడిన్రని రెండోసారి కొంటదా? ఉన్నది చెప్పున్రి. పోతె పోయింది."

మర్నాడు మధ్యాహ్నం నా ఆఫీసు నుంచి వీడియో కాల్ చేశాం. తెర మీద ఆమినా. నా కన్నా పెద్దది. వెనక గుడ్డల అరలు, మెడలో కొలత టేపు. నేను ఇంగ్లిషులో ఉన్నదున్నట్టు చెప్పాను. మా దగ్గర ధర అంటే దుకాణం దాకానే అని, రాజన్నకు సముద్రపు లెక్క తెలియదని. రాజన్న కుర్చీ అంచున కూర్చుని, నేను ఒక్కో వాక్యం ముగించినప్పుడల్లా తెర వైపు చేతులు జోడిస్తున్నాడు.

ఆమె భుజాలు కదిలిపోయేలా నవ్వింది.

"నాకూ అనుమానం వచ్చింది. ఇంత తక్కువెలా అని. బేరమాడితే మీరు మళ్లీ లెక్క చూసుకుంటారేమోనని భయపడి వెంటనే ఓకే అన్నాను. నేనూ దుకాణందారునే కదా!"

తెలుగులో చెప్పాను. రాజన్న నోరు తెరిచి వదిన వైపు చూశాడు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సరే, ఇప్పుడు చెప్పండి. మీ రేవు దాకా ఎంత?" అంది ఆమినా.

రాజన్న మొహమాటంగా పాత ధరే చెప్పాడు.

"అంతా? కుదరదు. ఆ ధరకి నా పక్క దుకాణం వాళ్లే ఇస్తారు. మీ గుడ్డ బాగుందని ఇన్నాళ్లు ఆగాను."

ఇది తెలుగులో చెప్పేసరికి రాజన్న ముఖం వెలిగిపోయింది. కుర్చీలో వెనక్కి జారబడి, కాలు మీద కాలు వేసుకున్నాడు. "చూసినవా చెల్లె! గిప్పుడు మాట్లాడుతున్నది పార్టీ లెక్క!"

ఆ తర్వాత నడిచిన బేరం చూసి నాకూ నోరూరింది. ఆమె ఒక ధర అంటే రాజన్న నెత్తి కొట్టుకున్నాడు. అతను ఒకటంటే ఆమె ఫోన్ పెట్టేస్తానని తెర వైపు వేలు చాచింది. మా నాన్న దుకాణంలో కొనేవాళ్లు మెట్లు దిగుతున్నట్టు నటించేవారు. సరిగ్గా అదే. రాజన్నకూ ఆ విద్య తెలుసు. ఆమె వేలు తెరకు తగలబోయేదాకా ఆగి, "రుకియే బెహన్!" అని హిందీలో ఆపాడు. చివరికి ఇద్దరూ నష్టపోయినట్టు మొహాలు పెట్టి ఒప్పుకున్నారు. కాగితం మీద ధర పక్కన 'ఎఫ్.ఓ.బి. హజీరా' అని, అంటే సూరత్ దగ్గరి మన రేవు దాకానే అని, నేనే పెద్దక్షరాలతో రాశాను.

మొదటి సరుకు పదిమంది మూటలతో కలిసి ఒకే కంటైనర్లో వెళ్లింది. దాన్ని ఎల్.సి.ఎల్. అంటారు. లింబాయత్ షేర్ ఆటో లాంటిదని చెప్తే రాజన్నకు వెంటనే అర్థమైంది. ఆమినా డబ్బు సక్రమంగా పంపింది, రెండో ఆర్డరూ ఇచ్చింది. ఆగిపోయిన సాంచాల్లో కొన్ని మళ్లీ కదిలాయి.

అప్పటినుంచి నా బల్ల ముందు ఎవరు కూర్చున్నా, ఎంతకి అమ్ముతున్నారని అడిగే ముందు ఎక్కడిదాకా అని అడుగుతున్నాను. ఎంత తెలివైన బేరగాడైనా తన గడప దగ్గరి అలవాటునే లోకం లెక్క అనుకుంటాడు. అది బయటివాళ్లెవరో అడిగితే తప్ప కనపడదు. సాయం కోసం వెళ్లడమంటే ఆ ప్రశ్న అడిగే మనిషిని వెతుక్కోవడమే.

రెండో ఆర్డరు కాగితాలకు రాజన్న వచ్చినప్పుడు నా ఫీజు చెప్పాను. బేరానికి జాగా ఉంచి, కాస్త ఎక్కువే చెప్పాను. అతను తగ్గించమనలేదు. నింపాదిగా కూర్చున్నాడు.

"ఎక్కడిదాకా చెల్లె?"

"ఏంది ఎక్కడిదాకా?"

"నీ ఫీజు. కాగితాల దాకనా, మాల్ ఓడెక్కేదాకనా, పైసలు బ్యాంకుల పడేదాకనా?"

ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అడగని మాట. నేను నోరు తెరిచేలోపే తలుపు దగ్గర నిలబడ్డ వదిన, "పైసలు పడేదాక అని రాస్కోనే," అని అతనికి చెప్పింది. నేను చెప్పిన ఫీజు పక్కన అలాగే రాసుకున్నారు.